వెళ్లే ముందే చెప్పండి: విదేశీ చదువుల సాయం, డిగ్రీల గుర్తింపు గురించి సిక్కోలు నుంచి ఒక బహిరంగ లేఖ

విదేశీ చదువుకు ప్రభుత్వ సాయం మంజూరు చేసే సంక్షేమ శాఖల అధికారులకు, ఉన్నత విద్య వ్యవహారాలు చూసే పెద్దలకు, బయటి దేశాల డిగ్రీలు ఇక్కడ చెల్లుతాయో లేదో తేల్చే ఢిల్లీ సంస్థలకు, ఉద్యోగ నోటిఫికేషన్లు రాసే వారందరికీ,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం. ఇందులో ఉన్న సంగతులు అర్జీ రూపంలో మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కారమైందో కనుక్కుందామని పొద్దున్నే సోంపేట స్టేషన్‌లో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటో పట్టుకుని శ్రీకాకుళం వెళ్తే, ఆ కార్యాలయంలో 'ఇది మా పరిధిలోది కాదండీ, పైకి పంపేశాం, అందుకే ఇక్కడ క్లోజ్ అయింది' అన్నారు. పైకి ఫోన్ చేస్తే 'మీ జిల్లాలోనే అడగండి' అన్నారు. ఇంక ఎవర్ని అడగాలో తెలియక అందరూ చదివేలా రాస్తున్నాను. కోపంతో రాయడం లేదు. మీలో చాలామంది పని ఒత్తిడిలో ఉంటారని తెలుసు, ఓపిగ్గా మాట్లాడినవాళ్లూ ఉన్నారు.

అసలు విషయానికి వస్తాను. ఒక పిల్ల బయటి దేశానికి చదువుకోవడానికి బయల్దేరుతోందంటే ఆ ఇంట్లో రెండే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ప్రభుత్వ సాయం వస్తుందా? చదివొచ్చాక ఆ డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా? మొదటి ప్రశ్న ఒక ఆఫీసుది, రెండోది ఇంకో ఆఫీసుది, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, పైగా రెండింటికీ జవాబు వచ్చేది తోట తాకట్టు పెట్టేసి, ఫీజు కట్టేసి, విమానం ఎక్కేసిన తర్వాత. నేను ఈ లేఖలో అడిగేదంతా ఒక్కటే, ఆ జవాబులు వెళ్లే ముందే ఇవ్వండి, కాగితం మీద ఇవ్వండి.

మా ఇంటి సంగతి చెప్తాను, ఎందుకంటే మా మండలంలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మాకు డెబ్బై సెంట్ల కొబ్బరి తోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి సగం పైగా చెట్లు పడిపోయాయి. తిరిగి మొక్కలు వేశాం గానీ కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఉద్దానంలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. మా పెదనాన్న నాలుగేళ్లు డయాలసిస్ మీద బతికి పోయారు. మా చెల్లి చిన్నప్పుడు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోలో తోడు కూర్చునేది. డిగ్రీ అయ్యాక పబ్లిక్ హెల్త్ చదువుతానంది, మన నీళ్లలో ఏముందో, మనుషులకి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో తెలుసుకోవాలని. 2023 మొదట్లో బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీ సీటు ఇచ్చింది, ఏడాది కోర్సు, సెప్టెంబరులో మొదలు. ఆ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200లో ఉంది, మా కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల పరిమితికి ఎంతో కింద ఉంది, కాబట్టి రాష్ట్ర విదేశీ విద్య పథకం కింద సాయం వస్తుందని అనుకున్నాం. రాలేదు. ఇంగ్లిష్‌లో రెండు లైన్ల మెసేజ్ వచ్చింది. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి 'ఏటి రాశారు బాబూ, ఇచ్చారా నేదా' అంది. చదివి చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఇప్పుడు ఒక్కొక్కటీ వరసగా రాస్తాను. మా ఇంట్లో జరిగినవీ, చుట్టుపక్కల చూసినవీ, కలిపి.

1. ర్యాంకు లెక్క మధ్యలో మారిపోతోంది.

2022 జులైలో రాష్ట్రం విదేశీ విద్య పథకానికి కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు, క్యూఎస్ అనే సంస్థ ఏటా ఇచ్చే ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 యూనివర్సిటీలు అన్నారు. తర్వాత దాన్ని సబ్జెక్టుల వారీగా మొదటి 50గా మార్చారు, 21 విభాగాలు పెట్టారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు గరిష్ఠంగా కోటీ 25 లక్షలు, మిగతావారికి కోటి అన్నారు. 2024లో పథకం పేరు మళ్లీ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి అయింది. ఇంత పెద్ద మొత్తం ఇవ్వడానికి సిద్ధపడటం మంచి విషయం, అందిన పిల్లల జీవితాలు మారాయి, దాన్ని నేను తక్కువ చేయను. పేరు ఎవరిది పెట్టుకున్నా మాకేం పట్టింపు లేదు. మాకు ఇబ్బంది ఎక్కడంటే, పిల్లలు సీటు ఎంచుకునే నాటికి ఒక లెక్క, దరఖాస్తు చూసే నాటికి ఇంకో లెక్క.

నెలలు చూడండి. సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకి ఆఫర్ లెటర్లు ముందటి చలికాలం నుంచే వస్తుంటాయి. సీటు పోకుండా ఉండాలంటే డిపాజిట్ కట్టాలి. క్యూఎస్ సబ్జెక్టుల జాబితా మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది, మొత్తం యూనివర్సిటీల జాబితా జూన్‌లో. అంటే ఏ జాబితా మీద తనని తూకం వేస్తారో ఆ జాబితా రాకముందే పిల్ల డబ్బు కట్టేస్తోంది. ఏ ఏడాది ర్యాంకు చూస్తారు, ఆఫర్ వచ్చిన నాటిదా, దరఖాస్తు వేసిన నాటిదా, విమానం దిగిన నాటిదా? ఇది నేను మూడు అర్జీల్లోనూ అడిగాను. ఒక యూనివర్సిటీ 49 నుంచి 52కి జారితే అక్కడ చెప్పే పాఠం ఏమీ మారదు, కానీ ఇక్కడ ఒక తోట పోతుంది.

ఇంకో మాట. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి మొదటి 500 ర్యాంకుల్లో ఉంటే చాలు. పక్కన తెలంగాణలో 20 లక్షల దాకా ఇస్తారు, ఆదాయ పరిమితి వేరు, షరతులు వేరు. ఒకే పిల్ల, ఒకే సీటు, ఢిల్లీలో అర్హురాలు, మన రాష్ట్రంలో అనర్హురాలు. ఏది మంచి యూనివర్సిటీ అన్న దాని మీద ప్రభుత్వాలకే ఒక మాట లేనప్పుడు, పదో తరగతితో చదువు ఆపేసిన మా నాన్నకి ఎలా తెలుస్తుంది?

2. డబ్బు అవసరమైన రోజు ఒకటి, డబ్బు వచ్చే రోజు ఇంకొకటి.

దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఆఫీసులో కూర్చుని చూస్తే ఇది కనపడదు. పథకంలో డబ్బు నాలుగు వాయిదాల్లో ఇస్తారు. మొదటి వాయిదా పిల్ల ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపించాక. తర్వాతవి సెమిస్టర్ ఫలితాల తర్వాత. దొంగ దరఖాస్తులు రాకుండా పెట్టిన జాగ్రత్త అది, అర్థం చేసుకోగలను. కానీ వీసా ఇచ్చేవాళ్లు దిగేదాకా ఆగరు కదా. బ్రిటన్ వీసాకి మిగిలిన ఫీజుతో పాటు ఖర్చులకి డబ్బు మన ఖాతాలో వరసగా 28 రోజులు ఉన్నట్టు చూపించాలి. మా చెల్లి వెళ్లిన ఏడాది లండన్ బయటైతే నెలకి 1,023 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలది, 9,207 పౌండ్లు. అప్పటి లెక్కన తొమ్మిదిన్నర లక్షలు. 2025 జనవరిలో దాన్ని నెలకి 1,136 పౌండ్లు చేశారు, ఆ తర్వాత ఇంకా పెంచారు. ఇది కాక వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జీ, టికెట్టు.

బ్యాంకులో విద్యా రుణం అడిగితే ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ పెట్టమంటారు, విదేశీ చదువైతే 15 శాతం మన చేతి నుంచి పెట్టుకోమంటారు. తోట హామీ పెట్టాం. తుపానులో పడిపోయిన తోటకి వాళ్లు కట్టిన విలువ తక్కువ. అది చాలక ఆరు లక్షలు బయట తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీకి, కేవలం ఆ 28 రోజులూ ఖాతాలో ఉంచడానికి. ఒక్క నెలకి వడ్డీ 18 వేలు. మా నాన్న రోజూ బ్యాంకు తెరిచే వేళకి వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకునేవారు. ఒక్క రూపాయి తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుందని ఎవరో చెప్పారట. పదకొండో రోజు ఎస్సెమ్మెస్ చార్జీలని బ్యాంకు పద్దెనిమిది రూపాయలు కోసింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మేనేజరు గారు కూర్చోబెట్టి, కావాల్సిన దానికన్నా ఖాతాలో కొంచెం ఎక్కువే ఉంది, ఏం కాదు అని చెప్పాకే నాన్న మామూలు మనిషి అయ్యారు.

ఇదే బ్రిటన్ వీసా నిబంధనల్లో, సొంత దేశపు ప్రభుత్వం స్పాన్సర్ చేస్తోందంటే ఆ లేఖ చూపించుకునే వీలుంది. సాయం మంజూరైన పిల్లలకి ఆ లేఖ వీసాకి ముందే, అక్కడివాళ్లు ఒప్పుకునే భాషలో, ఒక అధికారి సంతకంతో ఇస్తే మా ఊళ్లలో ఎంతమందికి ఆ నెల వడ్డీ, ఆ టెన్షన్ తప్పుతాయో ఆలోచించండి. దీనికి ఖజానా నుంచి అదనంగా ఒక్క రూపాయి తీయనక్కర్లేదు.

3. తిరిగొచ్చాక డిగ్రీకి విలువ కట్టేదెవరో తెలియదు.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచినప్పుడు చెల్లి అక్కణ్ణుంచి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. 'వచ్చేస్తాను అన్నా, మన దగ్గరే పని చేస్తాను' అంది. 2024 చివర్లో వచ్చేసింది. మంచి మార్కులతో పాసైంది. అప్పుడు మొదలైంది అసలు కథ.

ఒక కళాశాలలో గెస్టు లెక్చరర్ పోస్టుకి వెళ్లింది, నేనూ తోడు వెళ్లాను. సర్టిఫికెట్లు చూసే పెద్దాయన మార్కుల జాబితా అటూ ఇటూ తిప్పి, 'ఏడాది పీజీ ఏంటమ్మా, మన దగ్గర రెండేళ్లు కదా' అన్నారు. చెల్లి ఆ మాట వస్తుందని ముందే అనుకుని ఒక ప్రింటు పట్టుకెళ్లింది. 2022 జులై 21న భారత్, బ్రిటన్ ప్రభుత్వాలు ఒకరి చదువుల్ని ఒకరు గుర్తించుకుంటామని ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ ఏడాది మాస్టర్స్ మన మాస్టర్స్‌తో సమానమన్నది అందులో ముఖ్యమైన సంగతి. డాక్టరు, ఇంజనీరు, లాయరు లాంటి వృత్తుల రిజిస్ట్రేషన్ అందులోకి రాదు, పబ్లిక్ హెల్త్‌కి ఆ అడ్డు లేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివారు. చదివి, మడిచి, తిరిగి ఇచ్చేసి, 'బావుందమ్మా, కానీ ఇది మాకు సర్క్యులర్‌గా రాలేదు' అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. రాని సర్క్యులర్ మీద సంతకం పెడితే రేపు ఆడిటు వాళ్లకి ఆయనే జవాబు చెప్పుకోవాలి. కానీ రెండేళ్ల కింద రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం ఆ టేబుల్ దాకా రాలేదంటే అది ఎవరి బాధ్యత? ఆస్ట్రేలియాతో కూడా 2023 మార్చిలో ఇలాంటిదే జరిగింది. అది మాత్రం వచ్చి ఉంటుందా?

సరే, బయటి డిగ్రీ మన డిగ్రీతో సమానమని చెప్పే ఈక్వలెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. చాలా కాలంగా ఆ పని చేస్తున్నది ఏఐయూ, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. 2025 ఏప్రిల్ 4న యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, విదేశీ అర్హతల గుర్తింపుకి సొంతంగా నిబంధనలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, 15 పని దినాల్లో నిర్ణయం, కాదంటే సమీక్ష అడిగే అవకాశం. ఇది నిజంగా మేలైన మార్పు. కానీ ఇక్కడ ఉద్యోగ నోటిఫికేషన్లు తీసి చూస్తే కొన్నింట్లో ఇంకా ఏఐయూ పేరే ఉంటుంది, కొన్నింట్లో 'సమానమైన అర్హత' అని ఊరుకుంటారు, ఎవరు సమానమనాలో రాయరు. ఆఖరు తేదీకి పది రోజులు టైమిస్తారు, సర్టిఫికెట్టు రావడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. చెల్లి అలా రెండు పోస్టులకి అప్లికేషన్ కూడా వేయలేకపోయింది. ఇప్పుడు విశాఖలో ఒక ప్రైవేటు ల్యాబులో రిపోర్టులు టైపు చేసే పని చేస్తోంది. ఉద్దానం నీళ్ల మీద పని చేద్దామని చదువుకున్న పిల్ల. జీతంలో సగానికి పైగా బ్యాంకు వాయిదాకే పోతుంది.

4. డాక్టరు చదువు.

ఇక్కడ సీటు రాక, ప్రైవేటులో కొనలేక, పొలం అమ్మి పిల్లల్ని బయటి దేశాలకి పంపే ఇళ్లు మా జిల్లాలోనూ, పక్క విజయనగరం జిల్లాలోనూ ఉన్నాయి. వాళ్ల నిబంధనలు వేరు. 2021 నవంబరు 18న నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో ఉండాలి, ఆ దేశంలోనే అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో అక్కడి పౌరుడిలాగే వైద్యం చేసే అర్హత రావాలి. తిరిగొచ్చాక, బయట చదివిన డాక్టర్లకి ఇక్కడ పెట్టే 300 మార్కుల ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. రోగుల ప్రాణాలతో పని కాబట్టి కఠినంగా ఉండాల్సిందే, ఒప్పుకుంటాను.

కానీ ఈ నాలుగు షరతులూ వెళ్లే ముందు ఎవరు చెప్తున్నారు? మా పక్క ఊరి కుర్రాడు 2022లో వెళ్లాడు. ఇంటర్న్‌షిప్ ఇండియాలో చేసుకోవచ్చులే అని ఏజెంటు చెప్పాడు. కాదని తెలిసేసరికి నాలుగో ఏడాదిలో ఉన్నాడు. అంటే ఇంకో ఏడాది ఖర్చు. వాళ్ల నాన్న చెన్నైలో తాపీ పని చేస్తారు, ఆ ఏడాది పండక్కి కూడా రాలేదు. ఇంత కష్టానికి కారణం ఒక్క పేజీ సమాచారం ముందుగా అందకపోవడం. ఫలానా కాలేజీ చెల్లుతుందని కమిషన్ ముందుగా జాబితా ఇవ్వదు, నిబంధనలు చదువుకుని మీరే చూసుకోండి అంటుంది. ఆ ఇంగ్లిష్ గెజిట్ తాపీమేస్త్రి ఎలా చదువుతారు?

5. కేంద్ర పథకంలో సీట్లు తక్కువ, బీసీలకి అసలు లేవు.

నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో దేశం మొత్తానికి 125 సీట్లు. ఎస్సీలకి 115, సంచార జాతులకి 6, భూమి లేని వ్యవసాయ కూలీలకీ సంప్రదాయ వృత్తుల వారికీ కలిపి 4. ఎస్టీలకి గిరిజన మంత్రిత్వ శాఖ విడిగా 20 ఇస్తుంది. మా తీరంలో, మా మెట్టలో ఎక్కువమంది బీసీలు, మత్స్యకారులు, వాళ్లకి కేంద్రం నుంచి ఇలాంటి సాయం లేదు, రాష్ట్ర పథకమే దిక్కు. ఉన్న 125కీ నమ్మకం లేదు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారని పత్రికల్లో చదివాం. ఎంపికయ్యావు అని చెప్పి, డబ్బుంటే ఇస్తాం అనడం ఆ పిల్లల్ని ఎంత నలిపేస్తుందో ఒక్కసారి వాళ్ల స్థానంలో ఉండి చూడండి. కేంద్రం విద్యా రుణాల పథకం పీఎం విద్యాలక్ష్మి వచ్చింది కదా అంటారు కొందరు, అది దేశంలోని విద్యాసంస్థలకే, బయటి చదువుకి వర్తించదు.

6. ఒక ఇంట్లో ఒక్కరికే.

రాష్ట్ర పథకంలో కుటుంబానికి ఒక్కరే అర్హులు. ఈ నిబంధన ఉన్న ఇంట్లో ఎవరు ఆగిపోతారో మా ఊళ్లలో అందరికీ తెలుసు. అన్న వెళ్తే చెల్లి ఆగుతుంది. ఆడపిల్లకి ఈ షరతు తీసేయమని అడుగుతున్నాను. కేంద్రం తన పథకంలో 30 శాతం ఆడపిల్లలకి ఉంచింది.

ఇవీ సంగతులు. ఇక మేం అడుగుతున్నవి. మేం అంటున్నాను, ఎందుకంటే ఇది రాసే ముందు మా మండలంలోనూ సోంపేట, కవిటిలోనూ ఇలా పిల్లల్ని పంపిన పదకొండు కుటుంబాలతో కూర్చుని మాట్లాడాను. చీపురుపల్లి నుంచి కూడా ఇద్దరు తండ్రులు ఫోన్లో కలిశారు.

ఒకటి. ఆఫర్ లెటర్ పట్టుకుని దరఖాస్తు చేసిన పిల్లకి 30 రోజుల్లో ఒకే కాగితం ఇవ్వండి. సాయానికి అర్హురాలా కాదా, ఆ కోర్సు తిరిగొచ్చాక దేనికి చెల్లుతుంది, దేనికి చెల్లదు, రెండూ అందులోనే ఉండాలి. కాదంటే ఎందుకు కాదో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాయాలి. ఈ లేఖలో ఇంకేదీ కుదరకపోయినా ఇదొక్కటి చేయండి.

రెండు. ఆఫర్ లెటర్ తేదీ నాటి నిబంధనలు, ఆ నాటి ర్యాంకు, చదువు పూర్తయ్యేదాకా ఆ పిల్లకి వర్తించాలి. ప్రభుత్వం మారినా, పథకం పేరు మారినా. మధ్యలో ఆగిపోయిన పాత వాయిదాలు ఎవరెవరికి ఎంత ఉన్నాయో లెక్క చెప్పి, ఎప్పుడు ఇస్తారో తేదీ చెప్పండి.

మూడు. మంజూరైన వారికి వీసాకి ముందే స్పాన్సర్ లేఖ ఇవ్వండి. మొదటి వాయిదాని దిగాక ఇస్తే ఇవ్వండి, లేఖ మాత్రం ముందు కావాలి. విద్యా రుణానికి బ్యాంకు కూడా ఆ లేఖని లెక్కలోకి తీసుకునేలా జిల్లా బ్యాంకర్ల సమావేశంలో కలెక్టర్లు చెప్పాలి.

నాలుగు. బ్రిటన్, ఆస్ట్రేలియా ఒప్పందాల గురించీ, 2025 యూజీసీ నిబంధనల గురించీ ప్రతి యూనివర్సిటీకీ, ప్రతి కళాశాలకీ, నియామకాలు చేసే ప్రతి శాఖకీ సర్క్యులర్ పంపండి. ఆ టేబుల్ దగ్గరున్న పెద్దాయనకి అది చేరాలి. నోటిఫికేషన్లలో యూజీసీ గానీ ఏఐయూ గానీ ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతుందని స్పష్టంగా రాయండి. దరఖాస్తు చేసినట్టు రసీదు ఉంటే ఇంటర్వ్యూకి రానివ్వండి, చేరే నాటికి సర్టిఫికెట్ చూపిస్తే చాలనండి.

ఐదు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీలో ఒకటి, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడలో ఒకటి, విదేశీ చదువుల సలహా కేంద్రాలు పెట్టండి. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, ఒక గది, తెలిసిన ఇద్దరు మనుషులు, ఒక ఫోన్ నంబరు. ఇవాళ మా పిల్లలకి సలహా కావాలంటే విశాఖ ద్వారకానగర్‌లో కన్సల్టెన్సీ బోర్డుల కింద నిలబడాలి, వాళ్లు ఏ యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తే ఆ పేరే చెప్తారు.

ఆరు. వైద్య విద్యకి పంపే ప్రతి ఏజెంటూ ఆ కోర్సు 2021 నిబంధనలకి సరిపోతుందని తల్లిదండ్రులకి తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. నెలలు ఎన్ని, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, భాష ఏది, అక్కడి లైసెన్స్ వస్తుందా. అబద్ధమని తేలితే డబ్బు వాపసు ఇప్పించే బాధ్యత జిల్లా యంత్రాంగం తీసుకోవాలి.

ఏడు. మా ఎంపీలకి, ఎమ్మెల్యేలకి కూడా ఇది చేరాలి. బీసీ పిల్లలకి కేంద్రంలో విదేశీ స్కాలర్‌షిప్ కావాలని పార్లమెంటులో అడగండి. ఓట్ల కోసం మా ఇంటికొచ్చినప్పుడు చెల్లి చదువు గురించి మీరే అడిగి, మెచ్చుకుని వెళ్లారు.

మా చెల్లికి ఇప్పుడు ఆ సాయం రాదని తెలుసు, ఆమె చదువు అయిపోయింది. ఈ ఏడాది మా వీధిలోనే ఇంకో అమ్మాయికి ఆఫర్ లెటర్ వచ్చింది. వాళ్ల అమ్మ జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడుతుంది, ఆ జీడి నూనెకి వేళ్లన్నీ నల్లగా పొక్కిపోయి ఉంటాయి. ఆ చేత్తోనే లెటర్ పట్టుకుని మొన్న మా ఇంటికొచ్చి, 'మీ పాపకి అయింది కదా బాబూ, మా పిల్లకి డబ్బులొస్తాయేటి, కట్టీమంటారా' అని అడిగింది. డిపాజిట్‌కి ఈ నెలాఖరు గడువు. నేను ఏ జవాబూ చెప్పలేకపోయాను. ఆ జవాబు మీ దగ్గర ఉంది.

ఈ లేఖ ప్రతులు శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో వచ్చే సోమవారం అర్జీగా ఇస్తాం, ఈసారి పదమూడు కుటుంబాలం కలిసి వస్తాం. జవాబు తెలుగులో రాయండి. మా అమ్మ తనంతట తాను చదువుకుంటుంది.

ఇట్లు,
కంచిలి మండలం నుంచి ఒక అన్న,
పదమూడు కుటుంబాల తరఫున